రాత్రి కరెంటు, పగటి రొట్టె

మా బేకరీలో కరెంటు మీటరు రెండు పద్దులు రాస్తుంది. పగటి యూనిట్లకు ఒకటి, రాత్రి యూనిట్లకు ఒకటి. రాత్రి యూనిటు బాగా చౌక. చలికాలంలో ఆ చౌక వేళ రాత్రి పదకొండు నుంచి పొద్దున ఎనిమిది దాకా. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపినా పాత మీటరు గ్రీనిచ్ కాలాన్నే పట్టుకుని ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి నుంచి తొమ్మిది దాకా. ఐర్లాండ్‌లో ఇలాంటి మీటరున్న చిన్న పరిశ్రమలన్నిటికీ ఇది కొట్టిన పిండే. మాది తెనాలి. ఇప్పుడు వాటర్‌ఫోర్డ్‌లో ఒక చిన్న బేకరీలో ఎవరు ఏ వేళకు రావాలి, ఏ ఓవెన్ ఎప్పుడు వెలగాలి అనే పట్టిక వేయడం నా పని.

2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి తర్వాత గ్యాసు ధర ఆకాశానికంటింది. అప్పట్లో ఈ దేశపు కరెంటులో సగానికి దగ్గరగా గ్యాసు నుంచే వచ్చేది కనుక మా బిల్లు కూడా దాని వెంటే పోయింది. పెరిగిన ఖర్చులో 40 శాతం ప్రభుత్వం భరిస్తానంది. 2023 మార్చి నుంచి దాన్ని 50 శాతం చేసింది. అయినా బేకరీలు మూతపడుతూనే వచ్చాయి. అప్పుడే మా లెక్కలు చూసే ఆయన ఒక సలహా ఇచ్చాడు: మొత్తం పని రాత్రి పదకొండుకు మొదలుపెట్టి తెల్లారేసరికి ముగించేయండి, బిల్లు దిగివస్తుంది. కూడికలు, తీసివేతల వరకూ ఆయన మాట నిజమే. కానీ బేకరీ పనివాళ్లను రాత్రి నుంచి బయటికి తేవడానికి ఈ దేశంలో ముప్పావు శతాబ్దం పట్టింది. ఆ సంగతి తెలియకుండా ఈ ఊళ్లో షిఫ్టుల పట్టిక వేయకూడదని నా అభిప్రాయం.

రొట్టె పని రాత్రికి ఎందుకు అతుక్కుంది? పొద్దున ఫలహారం బల్ల మీదికి వేడి రొట్టె కావాలి. ఇది ఒక కారణం. పాతకాలపు పిండి నిదానంగా పులిసేది, సాయంత్రమే ముందు కలపు కలిపి పెట్టి, అది పొంగాక నడిరాత్రి మళ్లీ పిసకాలి. ఇది రెండోది. మూడోది ఇటుక బట్టీ. దాన్ని మండించి, మంట తీసి, గోడల్లో నిలిచిన వేడితో కాల్చాలి. వేడి ఉన్నంతసేపూ మనిషి దాన్ని వదిలి కదలడానికి లేదు. మా వాటర్‌ఫోర్డ్‌లో ఇంకోటి కూడా ఉంది, 'బ్లా'. పైన పిండి చల్లిన మెత్తటి తెల్ల బన్ను. 2013లో యూరోపియన్ యూనియన్ దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. పొద్దున చేసిన బ్లా పొద్దునే తినాలి. మధ్యాహ్నానికి దాని పసే పోతుంది. అలాంటి సరుకు చేసేవాడికి నిద్ర ఎక్కడిది?

1858 నుంచి రెండేళ్లపాటు ఐర్లాండ్ కూలి బేకర్లు పెద్ద పెద్ద సభలు పెట్టారు. రాత్రి పని వద్దు, ఆదివారం పని వద్దు. ఇంతే వాళ్లు అడిగింది. ఈ కథంతా మార్క్స్ 1867లో అచ్చు వేసిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, పని దినం గురించిన అధ్యాయంలో ఉంది. రంగనాయకమ్మ గారి పరిచయ గ్రంథం పుణ్యాన మార్క్స్ పేరు తెలియని తెలుగు చదువరి ఉండరు కానీ, అందులో మా వాటర్‌ఫోర్డ్ బేకర్లు ఉన్నారని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. వెక్స్‌ఫర్డ్, కిల్కెనీ, క్లాన్‌మెల్, వాటర్‌ఫోర్డ్ ఊళ్లలో పనివాళ్లు గెలిచారు, రొట్టె పగలే కాల్చడం మొదలైంది. లిమరిక్‌లో ఓడిపోయారు. పిండిమరలూ బేకరీలూ రెండూ చేతిలో ఉన్న పెద్ద యజమానులే అక్కడ గట్టిగా అడ్డుపడ్డారు. లిమరిక్ ఓటమి చూసి ఎనిస్, టిప్పరేరి కూడా వెనక్కి జారాయి. కార్క్‌లో యజమానులు పనిలోంచి తీసేసే అధికారం వాడి అణిచేశారు. డబ్లిన్‌లో ఉద్యమం నడిపినవాళ్లను వెలివేసినట్టు చూసి మిగతావాళ్లను దారికి తెచ్చుకున్నారు.

1861లో ఐర్లాండ్ బేకరీ వృత్తి మీద ఒక విచారణ సంఘం కూర్చుంది. ప్రభుత్వ నివేదికలు చదవడం నాకు అలవాటు లేదు గాని ఈ సంఘం చెప్పిన సారాంశం మాత్రం మనసులో నాటుకుంది. ఉద్యోగం పోతుందనే భయం చూపి, మత విశ్వాసానికి విరుద్ధంగా ఆదివారం పని చేయించడం యజమానికీ పనివాడికీ మధ్య పగ పెంచుతుందని అంది. రోజుకు పన్నెండు గంటలు దాటిన పని మనిషి ఆయుష్షును తినేస్తుందనీ, తండ్రి, కొడుకు, అన్న, భర్త ఇంట్లో చేయాల్సిన పనులకు అతణ్ణి దూరం చేస్తుందనీ అంది. 1861లో ఒక కమిటీ అలసట గురించే కాకుండా పనివాడి ఇంటి గురించి కూడా మాట్లాడిందంటే, ఆ సభల్లో బేకర్లు ఏం చెప్పుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

1863లో వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు చేసిన చట్టం పద్దెనిమిదేళ్ల లోపు కుర్రాళ్లను మాత్రం రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఐదు దాకా పనిలో పెట్టొద్దంది. పెద్దవాళ్ల మాట ఎత్తలేదు. ఆ మాట ఎత్తింది 1925లో అంతర్జాతీయ కార్మిక సంస్థ. ఇరవయ్యో ఒడంబడికగా బేకరీల్లో రాత్రి పనిని నిషేధించింది. కనీసం ఏడు గంటల విరామం, అందులో రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా తప్పకుండా ఉండాలి. ఈ నిషేధం యజమానికి కూడా వర్తిస్తుంది. ఎంత ఆలోచించి రాశారో! యజమాని తన చేత్తో రాత్రి కాల్చుకోవచ్చంటే, పొద్దున ముందుగా వేడి రొట్టె అతని కొట్లోనే దొరుకుతుంది, పక్క కొట్టువాడు నిలవలేడు. టోకున బిస్కెట్లు చేసేవాళ్లకు మాత్రం మినహాయింపు. బిస్కెట్టుకు పొద్దునా సాయంత్రమూ ఒకటే కదా.

ఐర్లాండ్ 1936లో బేకరీల రాత్రి పని చట్టం చేసి, మరుసటేడు ఆ ఒడంబడిక మీద సంతకం పెట్టింది. అప్పుడు ప్రభుత్వాధినేత డి వలేరా. 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఆయన దండు డబ్లిన్‌లో కాపు కాసింది బోలండ్స్ బేకరీలోనే.

ఇక కరెంటు వైపు చూద్దాం. 1929లో షానన్ నది మీద ఆర్డ్‌నక్రుషా జల విద్యుత్ కేంద్రం మొదలైంది. కట్టింది జర్మనీ సీమెన్స్ కంపెనీ. ఆ రోజుల్లో దాని ఖర్చు దేశపు బడ్జెట్‌లో అయిదో వంతు. ఇంత కరెంటు కొనేదెవరని అడిగినవాళ్లు చాలామంది. వాళ్ల ప్రశ్నలో న్యాయముంది, ఎందుకంటే నది రాత్రి కూడా పారుతుంది, ఊరు మాత్రం పడుకుంటుంది. రాత్రి కరెంటును ఎవరో ఒకరి చేత వాడించాలి, లేదా ఎక్కడో దాచాలి. 1974లో విక్లో కొండల్లో టర్లక్ హిల్ వచ్చింది అందుకే. రాత్రి మిగిలిన కరెంటుతో నీళ్లను కొండ మీది చెరువుకు తోడి, సాయంత్రం గిరాకీ పెరిగినప్పుడు కిందికి వదిలి 292 మెగావాట్లు తీస్తారు. ఇళ్లలో రాత్రి వేడెక్కి పగలు వేడినిచ్చే హీటర్లు కూడా ఆ కోవలోవే. చౌక రాత్రి యూనిటు ఈ అవసరంలోంచి పుట్టిందే. ఇప్పుడు రాత్రిపూట గాలిమరలు తిరిగినా ఆ కథే.

గంటల లెక్కన ఇంధనం వాడుకోవడం ఈ దేశానికి కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డబ్లిన్ ఇళ్లకు గ్యాసు రోజుకు కొన్ని గంటలే వచ్చేది. మిగతా వేళల్లో గొట్టంలో మిగిలే సన్నటి గ్యాసు ముట్టించుకుంటే నేరం. పట్టుకోవడానికి తనిఖీదారు ఇల్లిల్లూ తిరిగి పొయ్యి రింగు మీద చెయ్యి పెట్టి చూసేవాడు. ఆ మనిషి మీద కోపం ఇంకా ఇక్కడి ముసలివాళ్ల మాటల్లో వినిపిస్తుంది. రొట్టె కూడా అప్పుడు తౌడుతో సహా ముతక పిండిదే, నల్ల రొట్టె. యుద్ధం ముగిశాక 1947లో దానికీ రేషను పెట్టారు.

1936 చట్టం ఒక్కసారిగా పోలేదు. 1961లో ఇంగ్లండ్‌లోని చోర్లీవుడ్‌లో కనిపెట్టిన పద్ధతిలో మిక్సరు పిండిని కొన్ని నిమిషాలు గట్టిగా చిలికితే గంటల పులియబెట్టడం తప్పిపోయింది. ముక్కలు కోసి కవర్లో పెట్టిన ఫ్యాక్టరీ రొట్టె దేశమంతా పరుచుకుంది. పులియడానికి రాత్రంతా అక్కర్లేదని తేలిన రోజుల్లోనే రాత్రి పని తిరిగి రావడం నాకు బాధ కలిగిస్తుంది. ఫ్యాక్టరీకి యంత్రం ఆగకూడదు, సూపర్ మార్కెట్ లారీ తెల్లారేసరికి నిండాలి. 1981లో చట్టాన్ని సవరించారు. 1997లో అందరికీ కలిపి పని వేళల చట్టం వచ్చినప్పుడు దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు రాత్రి షిఫ్టు వాళ్లకు రోజుకు సగటున ఎనిమిది గంటల పరిమితి, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య పదకొండు గంటల విశ్రాంతి. బేకర్ల కోసం విడిగా ఏమీ లేదు.

మరి మా పట్టిక సంగతి. రాత్రి చౌకను యంత్రాలకు వదిలేశాను, మనుషుల్ని ఐదింటికి ముందు రమ్మనలేదు. మధ్యాహ్నం చుట్టి పెట్టిన పిండి ముద్దలు చల్లటి అలమరలో నిద్రపోతాయి. రాత్రి రెండు దాటాక అలమర తనంతట తానే వెచ్చబడి తేమ పెంచుతుంది, ఐదింటికి తలుపు తీస్తే ముద్దలు పొంగి ఉంటాయి. టర్లక్ హిల్ నీళ్లతో చేసే పనే మేం పిండితో చేస్తున్నాం. ఓవెన్లకు టైమర్లు. రెండూ ఒకేసారి వెలగవు, అరగంట తేడా. మేం గ్రిడ్ నుంచి లాగగల గరిష్ఠానికి కెవిఎల లెక్కన ముందే ఒప్పందం ఉంటుంది. రెండు ఓవెన్లూ మిక్సరూ ఒక్కసారి లాగితే ఆ గీత దాటి అదనంగా కట్టాలి.

కాల్చే వరస మార్చడం వల్ల వచ్చినంత లాభం ఇంకే మార్పువల్లా రాలేదు. ఇంతకుముందు ఆర్డరు వచ్చిన వరసలో కాల్చేవాళ్లు. రొట్టె తర్వాత కేకు, మళ్లీ రొట్టె. ఓవెన్ చల్లార్చడం, మళ్లీ వేడెక్కించడం, మధ్యలో ఖాళీగా మండటం. ఖాళీ ఓవెన్ తిన్నంత కరెంటు మా దగ్గర ఇంకేదీ తినదు. ఈ కౌంటీలోనే కాపక్విన్‌లో 1887 నాటి బారన్స్ బేకరీలో ఇటుక బట్టీలు ఇంకా పని చేస్తున్నాయి. ఇటుక బట్టీకి వెనక్కి వెళ్లే వీలు లేదు. వేడి దిగుతూనే ఉంటుంది, దానికి తగ్గట్టు సరుకు పెట్టాలి. మేం అదే వరస పట్టాం. ముందు గట్టి వేడి కోరే రొట్టెలు, తర్వాత బ్లా, స్కోన్లు, ఆ తర్వాత పండ్ల కేకులు, చిట్టచివర స్విచ్చి తీసేసిన ఓవెన్‌లో మెరింగులు. చలికాలంలో ఎనిమిదింటికల్లా, వేసవిలో తొమ్మిదింటికల్లా భారీ పని అయిపోతుంది. ఒకే షిఫ్టుకు వేసవిలో ఒక చౌక గంట ఎక్కువ దొరుకుతుంది.

పదకొండింటి షిఫ్టు పెడితే ఇంకొంత మిగిలేదని లెక్కలాయన ఇప్పటికీ అంటాడు. మిగిలేదే. ఆదివారం ఓవెన్లు వెలిగించం కనుక సోమవారం అవి పూర్తిగా చల్లబడి ఉంటాయి. మామూలు రోజుకన్నా ముందు, మూడింటికే టైమరు పెట్టాలి, యూనిట్లు ఎక్కువ కాలతాయి. ఆ అదనాన్ని బిల్లులో విడిగా చూడగలను. ప్రతి నెలా దాన్ని చూసి, సంతకం పెట్టి, కట్టేస్తున్నాం.