వ్రణబంధన చరిత్రము



గ్రామములయందు కురుపు కోయుట, పుండు కడుగుట, కట్టు కట్టుట మొదలగు పనులను నాయీబ్రాహ్మణ కుటుంబములు తరతరములుగ నిర్వహించినవి. కావున వ్రణచికిత్సా చరిత్రము మనకు పరాయిది గాదు. గాయమును మాన్పుకొనునది దేహమే. దానికి వలయు రక్షణమును ఏ యొక్క ద్రవ్యమును పూర్తిగ నీయజాలదు. భిన్నగుణములుగల ద్రవ్యముల కూర్పే యందులకు సమర్థమని ఈ చరిత్రము బోధించుచున్నది.

క్రీస్తుపూర్వము 1600 ప్రాంతమున వ్రాయబడి, 1862లో ఎడ్విన్ స్మిత్ అనునతడు కొనిన ఈజిప్టు వైద్యపత్రమునందు తేనె, క్రొవ్వు, నారపీచు కలిపి గాయముపై నుంచుమని కలదు. మన సుశ్రుతసంహిత నువ్వులముద్ద, తేనె, నేయి పట్టించిన వత్తిని వ్రణమునం దుంచి, వస్త్రముతో బంధింపుమని విధించినది. తేనె తన చిక్కదనముచే సూక్ష్మజీవుల నణచును. నేయి కట్టు పుండున కంటుకొనకుండ కాపాడును. వస్త్రము స్రావమును పీల్చును.

పిదప చాలకాలము గాయము నారనిచ్చుటయే మేలని పలువురు వైద్యులు తలంచిరి. 1962లో జార్జి వింటరు పందిపిల్లలపై పరీక్షించి, తడి నిలిచిన గాయమును పైచర్మము సుమారు రెండింతలు వేగముగ కప్పునని చూపెను.

దేహమున సగమునకు మించి కాలినవారికి అతికించుటకు స్వంతచర్మము చాలదు. పుండునుండి నీరు పోయి, క్రిములు చేరి, ప్రాణమునకే ముప్పు గలుగును. వీరికొరకు బోస్టను శస్త్రవైద్యుడు జాన్ బర్కు, ఆచార్యుడు యన్నాసు కూడి, పశువుల కొల్లాజెనును సొరచేప మృదులాస్థి సారముతో కలిపి జల్లెడవంటి పొరను చేసి, దానిపై సిలికోను నమర్చిరి. సిలికోను నీటిని నిలిపి క్రిముల నాపును. దేహకణములు పొర రంధ్రములలో ప్రవేశించి క్రొత్త అడుగుచర్మమును కట్టుచుండ, పొర క్రమముగ కరగిపోవును. తరువాత సిలికోనును తీసి, పలుచని చర్మము నతికింతురు. 1981లో వారు పదిమంది రోగుల చికిత్సాఫలితములను ప్రకటించిరి; 1996లో అమెరికా ప్రభుత్వ మనుమతించినది.

మన ఆంధ్రతీరమున విస్తారముగ పెంచబడు రొయ్యల పెంకులనుండియు కైటోసాను లభించును. రక్తస్రావమును నిలుపు కైటోసాను కట్టునకు 2002లో అమెరికాయందు అనుమతి లభించినది.

మన పూర్వుల విద్య చేతినుండి చేతికి వచ్చినదే గాని, వ్రాతలో నిలిచినది స్వల్పము. వృద్ధులు గతించినకొలది అదియు నశించుచున్నది. కావున వారి ద్రవ్యములను, విధానములను వ్రాయించి భద్రపరచవలెను. పరీక్షింపక వాడరాదు, పరీక్షింపక త్రోసివేయను రాదు. ఆ పరీక్ష చేయగల రసాయన, వైద్యశాస్త్రములను మన యువకులును యువతులును చదువునట్లు పోషకులు విద్యార్థివేతనములు నెలకొల్పవలెనని ప్రార్థించుచున్నాము.