అఖండదీపము – అస్వస్థతా భత్యము

శ్రీముఖలింగమునకు పోయిన యాత్రికుడు మధుకేశ్వరుని దర్శించుకొని, గోడలపై చెక్కిన అక్షరముల వంక ఒకమారు చూచి, వంశధార గాలికి సేదదీరి తిరిగి వచ్చును. ఆ అక్షరములను చదువువారు తక్కువ. చదివినచో వానిలో పెక్కు అఖండదీపములకై ఇచ్చిన దానములని తెలియును. దాత కొన్ని మాడలను, అనగా ఆనాటి బంగారు నాణెములను, ఇచ్చును. వానిని పుచ్చుకొన్నవారు దీపము ఆరకుండ చూడవలెను. దీపము ఆచంద్రార్కము వెలుగవలెనన్నచో మాడలు కరగిపోరాదు. వాని ఫలము మాత్రమే వత్తికి అందవలెను. మూలధనము వేరు, దానిపై వచ్చునది వేరు అను లెక్క మన పెద్దలకు బాగుగ తెలియును.

ఈ గ్రామమే తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరమని వాదించినవారు గిడుగు రామమూర్తిగారు. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట ఇచటికి సమీపముననే కలదు. వాడుకభాషకై పోరాడిన మహనీయుని గూర్చి ఇట్టి గ్రాంథిక వాక్యములలో చెప్పుట నాకే కొంత సిగ్గుగ నున్నది! కళింగనగరము నుండి వెలువడిన గాంగుల తామ్రశాసనములలో భూదానము చేయుచు, సర్వకరములను పరిహరించితిమని రాజులు వ్రాయించిరి. ఈ సొమ్ము ఎందులకు, దీనిని ఎవరు ముట్టరాదు – ఈ రెండును రేకు మీదనే తేలిపోవలెను.

జబ్బుపడిన కార్మికుని చేతికి వచ్చు పైకమును గూర్చియు ఇదే ప్రశ్న. చంపావతి ఒడ్డున నెల్లిమర్లలో, గోస్తని ఒడ్డున చిట్టివలసలో జూటు మిల్లులు వెలసినవి. మన జిల్లాల గోగునార వానికి ముడిసరకు. నార దుమ్ములో పనిచేయువానికి దగ్గు పట్టి, అది క్షయ యని తేలినచో పూర్వము గతి ఏమి? జీతము ఆగును. ఇల్లాలి మెడలోని పుస్తెలు తాకట్టుకు పోవును. షావుకారు వడ్డీ మాత్రము ఆగదు.

కార్మికుని అస్వస్థతకు ప్రభుత్వపు చట్టముచే బీమా కల్పించుట 1883లో జర్మనీలో మొదలైనది. అచట 13 వారములు సగము జీతము లభించెడిది. మనకు 1944లో అదార్కరు పండితుడు నివేదిక వ్రాసెను. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకము ఆరంభమాయెను. తొలినాళ్ళలో ఏడాదికి 56 రోజులు మాత్రమే, అదియు ఇంచుమించు సగము జీతము. క్షయవ్యాధి 56 దినములలో పోవునా? ఆ గడువు తరువాత 91 దినములాయెను, అనగా జర్మనీవారి ఆ 13 వారములే. భత్యము జీతములో 70 శాతమైనది. క్షయ మొదలగు దీర్ఘవ్యాధులకు 80 శాతము చొప్పున రెండేండ్ల వరకు పొడిగించిరి.

ఈ పైకము వచ్చినచో తక్కినవి పోవునా? ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. జీతముతో కూడిన సెలవులో నున్న దినములకు అస్వస్థతా భత్యము లేదు. యంత్రమున పడి చేయి నలిగినవానికి తాత్కాలిక వైకల్య భత్యము 90 శాతము. అదే దినములకు జబ్బు భత్యమును కూడ పుచ్చుకొనరాదు. రెండింటికిని అర్హుడైనచో ఏది కావలెనో ఎంచుకొను హక్కు కార్మికునిదే. ఎక్కువ వచ్చు దానిని అడుగక, తెలియక తక్కువ దానితో తృప్తిపడువారున్నారు. కాని శాశ్వత వైకల్యమునకు వచ్చు భత్యమును 1948 చట్టము ఆ నిషేధములో చేర్చలేదు. కారణము స్పష్టమే. జబ్బు భత్యము నేటి కూలికి బదులు. ఒకే దినమునకు రెండు కూలులుండవు. శాశ్వత వైకల్య భత్యమో, పోయిన శక్తికి బదులు. ఒకటి వత్తికి పోయు నేయి, రెండవది పోయిన మాడ.

ఆదాయపు పన్ను విషయమునను పాతభేదమిదే. జీతమునకు బదులుగ నెలనెల వచ్చునది ఆదాయమును పోలును; అవయవము పోయినందులకు ఒక్కమారుగ వచ్చునది మూలధనమును పోలును. పెద్ద జీతగాండ్రు స్వంతముగ పాలసీలు తీసుకొన్నపుడు ఈ భేదము బరువైనదగును. పైకము ఏ పేరున, ఏ రూపున వచ్చుచున్నదో పాలసీలో చూడక సంతకము చేయరాదు. జూటు మిల్లు కూలికి ఆ బెడద లేకపోయెను. అతని జీతము పన్ను గీత దరికే రాలేదు.

అతని భయము షావుకారు. అందులకే 1948 చట్టము, ఈ భత్యమును ఇతరులకు వ్రాసియిచ్చుట చెల్లదనియు, ఏ న్యాయస్థానపు డిక్రీ క్రిందను దీనిని జప్తు చేయరాదనియు శాసించెను. భత్యము పొందుచున్న కాలమున యజమాని అతనిని పనినుండి తొలగింపరాదని కూడ చెప్పెను. ఆ చట్టమును తరువాత 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిపిరి.

చందా విషయమున మరియొక చిన్న ఏర్పాటుండెను. రోజుకు రూపాయి కూడ రాని కూలి తన వాటా చెల్లింపనక్కరలేదని 1948 నాటి పట్టికలోనే వ్రాసిరి. అతని పేర యజమాని వాటా మాత్రము జమ కావలసినదే.