కేబుల్ టీవీయా, స్ట్రీమింగా? ఇంటికి ఏది తగునో తేల్చుకోవడం ఎలా

ఇంట్లో టెలివిజన్ చూసేందుకు నేడు భారతీయ కుటుంబాల ముందు ప్రధానంగా నాలుగు మార్గాలున్నాయి. స్థానిక ఆపరేటర్ అందించే కేబుల్ కనెక్షన్, డిష్ యాంటెన్నాతో పనిచేసే డీటీహెచ్, నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్, ఇంటర్నెట్ ద్వారా నడిచే స్ట్రీమింగ్ సేవలు. ఈ చివరివాటినే వాడుకలో ఓటీటీలు అంటున్నారు. వీక్షకుల మొగ్గు ఎటు ఉందో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గణాంకాలు చెబుతున్నాయి. 2021 మార్చిలో దాదాపు 7 కోట్లున్న డీటీహెచ్ చందాదారులు 2024 మార్చి నాటికి దాదాపు 6.2 కోట్లకు తగ్గారు. అయితే కేబుల్ తీసివేయగానే ఖర్చు తగ్గుతుందన్న నమ్మకం అన్ని ఇళ్లకూ వర్తించదు. రెండు నెలవారీ ధరలను పక్కపక్కన పెట్టి పోల్చితే సరైన జవాబు రాదు. ఇంట్లో ఇంటర్నెట్ ఇప్పటికే ఉందా, టీవీని ఎక్కువగా చూసేది ఎవరు అన్న రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానం తెలియాలి.

నియమాలు వేరు

కేబుల్ రంగం 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం పరిధిలో నడుస్తోంది. 2012లో మెట్రో నగరాలతో మొదలైన డిజిటలీకరణ దశలవారీగా దేశమంతటికీ విస్తరించి, సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త ధరల విధానం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి పే ఛానల్‌కు గరిష్ఠ చిల్లర ధరను ప్రకటించాలి. వినియోగదారుడు ఛానళ్లను విడివిడిగా గానీ, బొకేలుగా గానీ ఎంచుకోవచ్చు. 19 రూపాయలకు మించిన ధర గల ఛానల్‌ను బొకేలో చేర్చడానికి వీల్లేదు.

ఛానళ్ల ధరకు తోడు నెట్‌వర్క్ సామర్థ్య రుసుము ఉంటుంది. 200 ఛానళ్ల వరకు 130 రూపాయలు, అంతకు మించితే 160 రూపాయలు అన్న గరిష్ఠ పరిమితిని 2024 జులైలో ట్రాయ్ తొలగించింది. అందువల్ల ఈ రుసుము ఇప్పుడు ఆపరేటర్‌ను బట్టి మారవచ్చు. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ అదనం.

స్ట్రీమింగ్ సేవల ధరలపై ఇటువంటి నియంత్రణ లేదు. వాటిలోని కార్యక్రమాలకు 2021 ఐటీ నిబంధనలు వర్తిస్తాయి గానీ, చందా ఎంత, ఒకేసారి ఎన్ని తెరలపై చూడవచ్చు, ప్రకటనలు ఉంటాయా అన్నవి సంస్థల ఇష్టం. నెట్‌ఫ్లిక్స్ 2023 జులైలో భారతదేశంలో ఒక ఖాతాను ఒక ఇంటికే పరిమితం చేసింది. ప్రైమ్ వీడియో 2025 జూన్ నుంచి ప్రకటనలు ప్రవేశపెట్టి, అవి వద్దనుకునే వారికి అదనపు రుసుము నిర్ణయించింది. డిస్నీ ప్లస్ హాట్‌స్టార్, జియోసినిమా 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్‌గా ఒకటయ్యాయి. ఈ ఏడాది చూసిన ధర, సౌకర్యం వచ్చే ఏడాదీ అలాగే ఉంటాయని అనుకోరాదు.

అసలు ఖర్చు

ఉదాహరణకు ఒక ఇంట్లో కేబుల్ బిల్లు నెలకు 350 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 4,200 రూపాయలు. దాని స్థానంలో ఏడాదికి 1,500 రూపాయల చొప్పున రెండు ఓటీటీలు తీసుకుంటే 3,000 రూపాయలతో సరిపోతుంది. పిల్లల చదువు కోసమో, ఉద్యోగం కోసమో బ్రాడ్‌బ్యాండ్ ఇప్పటికే ఉన్న ఇంటికి ఇది 1,200 రూపాయల ఆదా. టీవీ కోసమే కొత్తగా నెలకు 600 రూపాయల బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకునే ఇంటికి మాత్రం ఇంటర్నెట్‌కే 7,200 రూపాయలు అవుతుంది. ఓటీటీలతో కలిపి ఆ మొత్తం 10,200 రూపాయలు. పాత టీవీకి ఇంటర్నెట్ సదుపాయం లేకపోతే స్టిక్ లేదా కొత్త స్మార్ట్ టీవీ ఖర్చు అదనం.

మరోవైపు, రెండు టీవీలున్న ఇంట్లో కేబుల్‌కు రెండో సెట్‌టాప్ బాక్స్, రెండో కనెక్షన్ అవసరం. రెండు తెరలకు అనుమతించే ఓటీటీ ప్యాక్ ఉంటే అదే చందా సరిపోతుంది.

డేటా, వేగం

మొబైల్ డేటాతో టీవీ చూడాలనుకునే వారు ఒక లెక్క గమనించాలి. నెట్‌ఫ్లిక్స్ వివరాల ప్రకారం సాధారణ నాణ్యతలో గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు డేటా ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్ హెచ్‌డీలో అరగంటకే అయిపోవచ్చు. వేగం విషయంలో పూర్తి హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్లు, 4కేకు 15 మెగాబిట్లు ఉండాలని ఆ సంస్థ సూచిస్తోంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి చూస్తే అవసరం ఆ మేరకు పెరుగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ తరచూ నిలిచిపోయే ప్రాంతాల్లో కేబుల్‌ను పూర్తిగా వదులుకోవడం తొందరపాటే. భారీ వర్షాల వేళ డీటీహెచ్ సిగ్నల్‌కు కూడా అంతరాయం తప్పదు.

ఎవరు ఏం చూస్తారు

ఈ నిర్ణయాన్ని ఎక్కువగా బిల్లు కట్టేవారు తీసుకుంటారు. పగలంతా టీవీ చూసేది మాత్రం ఇంట్లోని పెద్దలు కావచ్చు. రిమోట్‌లో ఒక అంకె నొక్కితే వార్తలో, భక్తి కార్యక్రమమో, సీరియలో వచ్చే పద్ధతికి అలవాటుపడిన వారికి యాప్ తెరవడం, ప్రొఫైల్ ఎంచుకోవడం, పాస్‌వర్డ్ కొట్టడం ఇబ్బందే. స్థానిక కేబుల్ ఛానళ్లలో వచ్చే ఊరి వార్తలు ఓటీటీల్లో సాధారణంగా దొరకవు. టీవీయే తోడుగా కాలం గడిపే వారున్న ఇంట్లో వారి మాట వినకుండా కనెక్షన్ తీసివేయరాదు.

కొత్త సినిమాలు, ఇతర భాషల చిత్రాలు, తీరిక వేళ చూసుకునే ధారావాహికలే ప్రధానమైతే స్ట్రీమింగ్ మెరుగు. పిల్లలున్న ఇంట్లో 2021 నిబంధనలు కొంత రక్షణ ఇస్తున్నాయి. యూ/ఏ 13 ప్లస్, ఆపై వర్గాల కార్యక్రమాలకు తల్లిదండ్రులు తాళం వేసే సౌకర్యాన్ని ఓటీటీలు కల్పించాలి.

క్రీడాభిమానులు ప్రసార హక్కులు ఎవరి వద్ద ఉన్నాయో చూసుకోవాలి. జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటించిన పోటీల సిగ్నల్‌ను 2007 నాటి చట్టం ప్రకారం ప్రసార భారతితో పంచుకోవాలి. అయితే ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన సొంత నెట్‌వర్క్‌లోనే చూపాలని, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్ వేదికలకు అది అందరాదని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మధ్యేమార్గాలు

రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న నియమం లేదు. డిష్, బాక్స్‌ల కోసం సుమారు 2,000 రూపాయలు ఒకసారి పెడితే డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ ఖర్చు ఉండదు. దానికి తోడు ఒక ఓటీటీ తీసుకోవచ్చు. ప్రసార భారతి 2024 నవంబరులో ప్రారంభించిన వేవ్స్ యాప్‌లోనూ ప్రత్యక్ష ఛానళ్లు లభిస్తాయి. పలు తెలుగు వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో ఉచితంగా ప్రత్యక్ష ప్రసారం ఇస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రంగ ఫైబర్‌నెట్ సంస్థ టీవీ ఛానళ్లు, ఇంటర్నెట్, టెలిఫోన్‌లను ఒకే తీగపై అందిస్తోంది. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో ఓటీటీ చందాలు కలిసే ఉంటాయి. ఇప్పటికే చెల్లిస్తున్న ప్లాన్‌లో ఏమున్నాయో చూడకుండా విడిగా చందా కట్టడం వృథా.

నిర్ణయానికి ముందు

ఒక నెల పాటు ఇంట్లో ఎవరు ఏ ఛానల్, ఏ యాప్ చూశారో కాగితంపై రాసుకుంటే అవసరం తేటతెల్లమవుతుంది. చూడని పే ఛానళ్లను తొలగించమని ఆపరేటర్‌ను అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. బొకే మార్చుకుంటేనే బిల్లు తగ్గి, కనెక్షన్ తీసివేసే అవసరం రాకపోవచ్చు. కేబుల్ మానేస్తే సెట్‌టాప్ బాక్స్ అప్పగించిన రసీదు తీసుకుని, డిపాజిట్ ఉంటే వాపసు కోరాలి.

ఓటీటీలను ఒకేసారి నాలుగైదు తీసుకోకుండా నెలకొకటి చొప్పున మార్చుకోవచ్చు. అయితే ఆటోపే గుర్తుంచుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఖాతా నుంచి సొమ్ము మళ్లీ తీసుకోవడానికి 24 గంటల ముందు సమాచారం రావాలి. ఆ సందేశం చూసి అవసరం లేనిదాన్ని రద్దు చేసుకోవాలి. రద్దు చేసుకోవడాన్ని కావాలని కష్టతరం చేసే పద్ధతిని 2023 నవంబరు మార్గదర్శకాలు మోసపూరిత విధానంగా పరిగణిస్తున్నాయి. సంస్థ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

స్థూలంగా చెప్పాలంటే, బ్రాడ్‌బ్యాండ్ ఉండి చూసేవారంతా యాప్‌లకు అలవాటుపడిన ఇంటికి స్ట్రీమింగ్ చాలు. ఇంటర్నెట్ లేని ఇంటికి, ఛానళ్లపైనే ఆధారపడే పెద్దలున్న ఇంటికి తగ్గించిన కేబుల్ ప్యాక్ గానీ, ఫ్రీ డిష్ గానీ ఇప్పటికీ చవకైన మార్గాలే.