రాకాసి గుళ్ళు ఎవరివి? ఆలేరు ప్రాంతపు తొలి నివాసులు

సికింద్రాబాదు నుండి కాజీపేట వైపు పోయే రైలులో భువనగిరి దాటగానే రాయగిరి, వంగపల్లి, ఆలేరు వస్తాయి. కిటికీలో నుండి కనబడేవి బండలు, చల్క నేలలు, తాటిచెట్లు. దక్కను పీఠభూమి అనే విశాల భూభాగములో ఇది చిన్న తునక. ఈ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పీఠభూమి తూర్పునకు వాలియున్నందున ఆలేరు వాగు మూసీలోను, మూసీ వాడపల్లి యొద్ద కృష్ణలోను కలియుచున్నవి.

ఈ నేలపై మనుష్యులు ఎప్పటినుండి ఉన్నారు? పాత ఇంగ్లీషు బైబిళ్ల అంచులలో క్రీ.పూ. 4004 అని అచ్చయిన సృష్టి సంవత్సరమును ఇంకను ప్రసంగములలో వాడుట మేము వింటున్నాము. అది ఆర్చిబిషప్ అషర్ కట్టిన లెక్క, వాక్యము కాదు. నాగార్జునకొండ లోయలో పాతరాతియుగపు పనిముట్లు దొరికినవి. చెన్నై సమీపములోని అత్తిరంపాక్కం పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో ప్రకటించారు.

వేటగాండ్ల తరువాత పశువుల కాపరులు వచ్చిరి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ త్రవ్వించిన బూడిద దిబ్బ క్రీ.పూ. మూడవ సహస్రాబ్దికి చెందినది. అక్కడ పాతిన గుంజల గుంటలు, పొరలలో పశువుల గిట్టల అచ్చులు బయటపడినవి. అది దొడ్డి, పేరుకొనిన పేడను మరల మరల కాల్చగా దిబ్బ అయినది. గొఱ్ఱెలు, పశువులు తోలుకొని తిరిగిన అబ్రాహామును ఇక్కడి గొల్లవారికి వివరించుటకు మనకు వేరే దేశపు బొమ్మలు అవసరము లేదు.

ఇనుము వచ్చిన పిమ్మట, క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో, మృతులను పెద్ద రాతిపలకల నడుమ ఉంచి చుట్టును బండలను వలయముగా పేర్చిరి. రాయగిరి సమాధులను నిజాం రైల్వే వైద్యాధికారి హంట్ త్రవ్వి 1924లో లండనులో వ్యాసము ప్రకటించారు. దక్కను సమాధుల కుండలపై గీసిన గుర్తులను గూర్చి గులాం యజ్దానీ 1917లోనే వ్రాశారు. ఆ గుర్తులు నేటికిని అక్షరములుగా చదువబడలేదు.

మన పల్లెలలో వీటిని రాకాసి గుళ్ళు అందురు. కొందరు విశ్వాసులు దయ్యముల తావులని అటు పోరు. కొందరు నిధి కొరకు త్రవ్వుదురు. మిగిలిన రాళ్లు కంకరకు పోవుచున్నవి. అవి గుళ్ళు కావు, రాకాసులవి కావు. ఎవరో తమ తల్లిని, బిడ్డను పాతిపెట్టుకొనిన చోట్లు.

ఇంకొక మాట జాగ్రత్తగా చెప్పవలెను. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్రులనే పేరు నిలిచినప్పటినుండి, ఈ నేలకు తొలి మనుష్యులము మేమేనను మాట మన సంఘములకు వెన్నెముక అయినది. ఊరి వెలుపల ఉంచబడిన ప్రజలకు ఆ మాట ఎంత అవసరమో మేము ఎరుగుదుము. అయినను రాయగిరి ఎముకలలో మాల, మాదిగ, రెడ్డి అను కులము వ్రాసిలేదు. అవి మన పూర్వికులవని నిరూపించలేము. కావని ఎవరును నిరూపించలేరు.

ఆదికాండము 23లో అబ్రాహాము తాను పరదేశినని ఒప్పుకొనియే, నాలుగువందల తులముల వెండి తూచి మక్పేలా గుహను కొనెను. వాగ్దాన దేశములో అతనికి దక్కిన మొదటి స్థలము సమాధి స్థలమే. నేడు సమాధుల తోట కొరకు అర్జీలు పట్టుకొని తిరుగుచున్న మన సంఘ పెద్దలకు, ఆ అధ్యాయముతో పాటు రాయగిరి రాళ్లను కూడ చూపవచ్చును.