కపాలస్పందన వైద్యము: ఒక విశ్వాసచరిత్ర

1864లో మెదడుపొరల వ్యాధి తన బిడ్డలు ముగ్గురిని కబళింపగా, పాదరసపు మందులును రక్తమోక్షణమును తప్ప వేఱుమార్గ మెఱుగని ఆనాటి వైద్యముపై విశ్వాసము సమూలముగ నశించిన ఆండ్రూ టేలర్ స్టిల్ అను అమెరికా వైద్యుడు, ఎముకలు తమతమ తావుల సక్రమముగ నిలిచి రక్తప్రసరణమునకు ఆటంకము లేకున్నచో దేహము తన్ను తానే చక్కదిద్దుకొనగలదని 1874లో ప్రకటించి, ఆ మతమునకు ఆస్టియోపతి యని నామకరణము చేసి, మిస్సోరీ రాష్ట్రమందలి కిర్క్స్‌విల్ పట్టణమున 1892లో విద్యాలయము నెలకొల్పెను. కపాలమును, వెన్నెముక తుదనున్న త్రికాస్థిని మృదువుగ స్పృశించి రోగములను శమింపజేయుదు మను క్రేనియోసేక్రల్ చికిత్సకు పుట్టినిల్లు ఈ విద్యాలయమే.

ఆ చికిత్సను కనినవాడు విలియమ్ గార్నర్ సదర్లాండ్. చిన్ననాటనే అచ్చుకూటమున పనికి కుదిరి, పిమ్మట పత్రికా రచయితయై, పాతికేండ్ల ప్రాయమున ఆ వృత్తిని విడిచి కిర్క్స్‌విల్ చేరినవాడు. 1899లో ఒకనాడు, విద్యాలయమున ప్రదర్శనకై కీలుకీలుగ విడదీసి అమర్చిన పుఱ్ఱె యతని కంటబడెను. కణత యెముకయు దాని నానుకొనియుండు జతూకాస్థియు కలిసికొను అంచు తిన్నగ గాక ఏటవాలుగ చెక్కినట్లుండుట చూచి, ఇది చేప మొప్పవలె నున్నదే, మొప్ప యుండుట శ్వాసకొఱకే గదా, కావున ఈ యెముకలును కదలుచు ఏదో యొక శ్వాసక్రియకు తోడ్పడుచుండవలె నని అతని మనస్సునకు తోచెను. ఆకారమును చూచి వ్యాపారమును ఊహించుట శరీరశాస్త్రమున క్రొత్త కాదు. సిరలలోని కవాటములను చూచి ఆంగ్లేయ వైద్యుడు హార్వే రక్తపు నడకను గ్రహించినది అట్లే. కాని హార్వే అంతటితో ఆగక కొలిచి చూపెను. సదర్లాండ్ ఊహ కొలతకు లొంగలేదు.

అట్లని అతడు ఊరకుండినవాడు కాడు. మినెసోటాలోని మాన్‌కాటోలో వైద్యము చేయుచునే, తోలుపట్టీలతోడను, బేస్‌బాల్ ఆటగాండ్ర చేతితొడుగులతోడను ఉపకరణములు కల్పించుకొని, తన తలనే అటు నిటు నదిమి, అందువలన తనకు గలుగు బాధలను, మనోవికారములను గమనించుచు వచ్చెను. అతని స్వభావమున గలిగిన మార్పులను చూచి చెప్పినది భార్య అడా. పరీక్షకుడును పరీక్షితుడును ఒక్కడే యగుటచే ఈ పరిశోధన ధైర్యమునకు నిదర్శనమే గాని సత్యమునకు ప్రమాణము గాజాలదు. తుదకు 1939లో ‘ది క్రేనియల్ బౌల్’ అను చిన్నపుస్తకమున తన సిద్ధాంతమును వెల్లడించెను: మెదడునకు సహజమైన కదలిక యున్నది, మస్తిష్కమేరు ద్రవము ఆటుపోటులవలె హెచ్చి తగ్గుచున్నది, పొరలు ఆ చలనమును త్రికాస్థివఱకు కొనిపోవుచున్నవి, ఈ లయ చెడినచో ఆరోగ్యము చెడును, చేతితో దానిని గుర్తించి సరిచేసినచో తలనొప్పి మొదలు నిద్రలేమివఱకు శమించును. ఇదియే నేటికిని ఆ చికిత్సకుల విశ్వాసము.

ఆస్టియోపతుల కూటమిలో అణగియున్న ఈ విద్యను లోకమున కెక్కించినవాడు జాన్ అప్లెజర్. 1970 ప్రాంతమున ఒక రోగి మెడకు శస్త్రచికిత్స జరుగుచుండగా, వెన్నుపామును కప్పిన పొరను కదలకుండ పట్టుకొనుట అతని పని. ఆ పొర పట్టుకారునకు నిలువక, శ్వాసతోను గుండెకొట్టుటతోను పొంతనలేని లయలో లేచుచు దిగుచుండెనని అతడు చెప్పుచుండెడివాడు. పిమ్మట 1975 నుండి 1983 వఱకు మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున పనిచేసి, 1985లో ఫ్లోరిడాలో స్వంత సంస్థను స్థాపించి, మర్దనము చేయువారికి సైతము ఈ విద్యను నేర్పెను. అయిదు గ్రాముల బరువునకు మించని ఒత్తిడి చాలునని అతని బోధ. గురుకులపు విద్యను బజారున బెట్టెనని పాతవారు నొచ్చుకొనిరి. ఆ నొప్పి నిష్కారణము కాదు.

పరీక్షకు నిలుచునదెంత? మస్తిష్కమేరు ద్రవము స్పందించుట సత్యమే. మన యిండ్ల పెద్దముత్తైదువలు ఆముదము తడుపు శిశువు మాడు కొట్టుకొనుట అందఱు చూచినదే. కాని ఆ స్పందన గుండెదియు ఊపిరిదియు. మూడవ లయ ఏదియు రుజువు కాలేదు. మాడు ఏడాదిన్నర ప్రాయమునకు పూడుకొనును; జతూకాస్థియు దాని వెనుకటి యెముకయు యౌవనారంభమున కలిసి ఒక్కటగును; అయిదు గ్రాముల ఒత్తిడి వానిని కదలింపజాలదు. ఒకే రోగి తలపై ఇద్దఱు చికిత్సకులు చేతులుంచి లయను లెక్కించినపుడు ఇద్దఱి లెక్కలు కలియుట లేదు. ఇక రోగికి గలుగు ఉపశమనమో, అది నేను కాదనను. నిశ్శబ్దమైన గదిలో ఒకరు గంటసేపు తల నిమురుచుండగా మనస్సు తేలికపడనివా రరుదు. అందుకు ఎముకలు కదలవలసిన పని లేదు.

2002లో ఈ విద్యను బోధన నుండియు పరీక్షల నుండియు తొలగింపవలెనని వ్రాసినవారు అల్లోపతి వైద్యులు కారు, ఒక ఆస్టియోపతి కళాశాలలోని అధ్యాపకులే. వారి మాట చెల్లలేదు. ఆ పాఠములు నేటికిని సాగుచున్నవి.