సూరతు సాంచాలు: ఆవిరి నుండి విద్యుత్తునకు

తాపీనదీతీరమున వెలసిన సూరతు, 1608లో ఆంగ్లేయుల హెక్టర్ నౌక చేరునాటికే వస్త్రవాణిజ్యమున విఖ్యాతి గాంచిన మహానగరము. ఆ నగరచరిత్రను వ్రాయువారు నావికులను, వర్తకులను విస్తారముగా వర్ణింతురు గాని, పరుల మిల్లులకై నిర్మితమైన మగ్గమును తమ యింటికి తెచ్చి, తమకు లభించిన శక్తితో నడపించుకొనిన నేతవారి ప్రజ్ఞకు తగినంత చోటీయరు.

1785లో కార్ట్‌రైట్ రూపొందించిన మరమగ్గము క్రమక్రమముగా మిల్లులకు తగిన ఆకృతి దాల్చెను. అచ్చట ఒక మహత్తర ఆవిరియంత్రము పైకప్పు క్రింద సాగు పొడవైన ఇరుసును త్రిప్పుచుండగా, దానినుండి దిగివచ్చు తోలుపట్టాలు వందలకొలది మగ్గములకు చలనము నొసగుచుండెను. 1920, 30 దశకములలో సూరతునందలి పట్టునేతవారును, జరీనేతవారును మిల్లులు తీసివేసిన పాతమగ్గములను కొని తమ కార్ఖానాలలో నిలుపుకొనసాగిరి. మగ్గము ఇంటిలో పట్టెను గాని ఆవిరియంత్రము పట్టునా? ఆ లోటును పట్టణమునకు అప్పుడే వచ్చిన విద్యుత్తు తీర్చెను.

మగ్గపు ఇరుసు చివర రెండు కప్పీలు పక్కపక్కనే యుండును. ఒకటి ఇరుసునకు బిగింపబడినది, రెండవది దానిపై వదులుగా తిరుగునది. నేతగాడు పిడిని జరిపి పట్టాను వదులు కప్పీపైనుండి బిగి కప్పీపైకి మార్చినంతనే నాడె పరుగిడును. ఈ యేర్పాటును చెరుపకయే, దూరపు ఇరుసునకు మారుగా చిన్న మోటారునుండి పట్టా తగిలించుట సాధ్యమయ్యెను. అయినను వేగము కుదురవలెను గదా! 50 సైకిళ్ల విద్యుత్తుపై నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. నాడెమగ్గమునకు సుమారు 150 చాలును. కనుక మోటారుపై చిన్న చక్రమును, మగ్గముపై పెద్ద చక్రమును అమర్చి ఆ వేగమును దించవలెను. వేగము మితిమీరెనా, పడుగు తెగును; తగ్గెనా, నాడె ఆవలి పెట్టె చేరక నడుమనే నిలిచిపోవును.

ఆ కాలముననే షోలాపురమునను, భివండీలోను చిన్న కార్ఖానాలవారు ఇదే మార్గము త్రొక్కిరి. షోలాపురమున తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలు వారిలో ముఖ్యులు. తరువాతి దశకములలో తెలంగాణపు నేతకుటుంబములు సూరతునకును జేరెను. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట నేటికిని వినవచ్చును. నగరపాలక సంస్థ తెలుగుమాధ్యమమున పాఠశాలలను సైతము నడపుచున్నది. తెలంగాణములోని సిరిసిల్లలో సాంచా యని పిలువబడు మరమగ్గమే వారికిచ్చట జీవనాధారమయ్యెను.

యంత్రమును కనిపెట్టినవాని నామము చరిత్రలో నిలుచును. దానిని వేరొక కొలతకు, వేరొక శక్తికి అమర్చినవాని నామము నిలువదు. కాని పరదేశపు మిల్లునకై పుట్టిన మగ్గము సామాన్యుని కార్ఖానాలో అన్నము పెట్టినదన్నచో, ఆ పుణ్యము కార్ట్‌రైట్‌కు ఎంత చెందునో, చక్రపు కొలతను సరిచూచి పట్టా బిగించిన ఆ అజ్ఞాత మేస్త్రీలకును అంతయే చెందును. పరిశ్రమల చరిత్ర వ్రాయబూనినవారు వారి పనితనమునకు ప్రత్యేకాధ్యాయము కేటాయించుట ధర్మము.