'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్': ఒక జానపద గీతం, అనేక గొంతులు

అమెరికాలోనో ఇంగ్లండులోనో కొన్నేళ్లు ఉన్నవాళ్లు ఈ పాట వినే ఉంటారు, పేరు గుర్తులేకపోయినా. గిటారు కొత్తగా పట్టుకున్న ప్రతి కుర్రాడూ మొదటి రెండు నెలల్లో దీన్ని మొదలుపెడతాడు. నేను ఎం.ఎస్. చేసే రోజుల్లో మా అపార్టుమెంటులో ఇది ఒక సెమిస్టరంతా మోగింది. మోగినంత కాలం విసుక్కున్నాను కానీ, తరువాత పాత రికార్డింగులు ఒక్కొక్కటే వెతికి వింటుంటే తెలిసింది, ఒకే పాట చేతులు మారినకొద్దీ ఎంత మారగలదో. ముఖ్యమైన రికార్డింగులను, వాటి మధ్య తేడాలను ఈ వ్యాసంలో పరిచయం చేస్తాను.

పాటలో కథ చిన్నది. న్యూ ఆర్లీన్స్ ఊళ్లో 'ఉదయించే సూర్యుడు' అనే పేరున్న ఒక ఇల్లు. ఆ ఇంట్లో జీవితం పాడుచేసుకున్న ఒక మనిషి తన గతం చెప్పుకుంటూ, చిన్నవాళ్లను ఇటు రావద్దని హెచ్చరించి, చివరికి తానే మళ్లీ అక్కడికి బయలుదేరడం. ఆ ఇల్లు వేశ్యావాటికా, జూదశాలా, జైలా అన్నది ఇప్పటికీ తేలలేదు. న్యూ ఆర్లీన్స్ లోని కాంటీ వీధిలో ఈ పేరుతో ఒక హోటలు ఉండేదనీ, 1822లో కాలిపోయిందనీ తెలుసు. 2005లో ఆ స్థలంలో తవ్వకాలు జరిపితే, స్త్రీలు బుగ్గలకు రంగు పెట్టుకునే భరిణెల పెంకులు దొరికాయి. దాంతో వేశ్యాగృహం వాదానికి కొంత బలం వచ్చింది. అంతకు మించి ఎవరేం చెప్పినా ఊహే.

పాట ఎప్పుడు పుట్టిందో కూడా ఎవరూ చెప్పలేరు. సాహిత్యం 1925లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది. రికార్డు మీదకు వచ్చింది 1933లో. అపలేచియన్ కొండప్రాంతపు గాయకుడు క్లారెన్స్ ఆష్లీ, గ్వెన్ ఫాస్టర్ అనే మరో వాద్యకారుడితో కలిసి 'రైజింగ్ సన్ బ్లూస్' అన్న పేరుతో పాడాడు. తాతగారి దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. ఇప్పుడు మనకు తెలిసిన పాటను మనసులో పెట్టుకుని ఆ రికార్డింగు వింటే ఆశ్చర్యం వేస్తుంది. విషాదం లేదు, సాగదీత లేదు. గిటారు, మౌతార్గన్ కలిసి హుషారుగా సాగిపోతాయి, సంతలో పాట కట్టి పాడినట్టు. ఇందులో చెడిపోయినది మగవాడు.

అసలు మలుపు 1937లో వచ్చింది. అలన్ లోమాక్స్ అనే ఇరవై రెండేళ్ల యువకుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున రికార్డింగు యంత్రాన్ని కారులో వేసుకుని కెంటకీ రాష్ట్రమంతా తిరిగాడు. మన దగ్గర నేదునూరి గంగాధరం గారు, బిరుదురాజు రామరాజు గారు పాటల కోసం పల్లెలు తిరగడంతో పోల్చుకోవచ్చు, చేతిలో ఒక యంత్రం ఉండటమే తేడా. మిడిల్స్‌బరో అనే బొగ్గుగనుల ఊళ్లో జార్జియా టర్నర్ అనే పదహారేళ్ల అమ్మాయి, గని కార్మికుడి కూతురు, ఈ పాట పాడింది. వాద్యం లేదు, ఉత్త గొంతు. ఇక్కడ చెడిపోయినది ఆడపిల్ల. తల్లి బట్టలు కుట్టి బతుకుతుంది, ప్రియుడు తాగుబోతు. లోమాక్స్ తండ్రీకొడుకులు 1941లో అచ్చువేసిన 'అవర్ సింగింగ్ కంట్రీ' పుస్తకంలో ఆమె పాట చేరింది. మరో కెంటకీ గాయకుడి చరణాలు కొన్ని దానికి కలిపారు. ఈనాడు ప్రపంచం పాడుతున్న పాటలో చాలా భాగం ఈ అమ్మాయి గొంతు నుంచి బయలుదేరినదే.

ఇక 1940లలో న్యూయార్కు జానపద గాయకుల చేతుల్లో పడింది. 1941లో ఆల్మనాక్ సింగర్స్ బృందంతో వుడీ గత్రీ పాడాడు. జాష్ వైట్ బ్లూస్ ధోరణిలో పాడాడు. లెడ్ బెల్లీ ఆ దశాబ్దంలోనే రెండుసార్లు రికార్డు చేశాడు. 1960లో జోన్ బయెజ్ తన మొదటి ఆల్బంలో పాడింది. గొంతు స్వచ్ఛంగా, తీగలా ఉంటుంది. చక్కగా పాడింది కానీ, చెడిపోయిన మనిషి పాడుతున్నట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. అదే ఏడాది దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా కూడా తన మొదటి అమెరికన్ ఆల్బంలో పాడింది.

సంగీతపరంగా అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చిన వ్యక్తి పేరు చాలామందికి తెలియదు. డేవ్ వాన్ రాంక్, న్యూయార్కు గ్రెనిచ్ విలేజ్ కాఫీ హోటళ్లలో పాడే గాయకుడు. హాలీ వుడ్ అనే టెక్సస్ గాయని పాడిన రికార్డు విని ఆయన ఈ పాట నేర్చుకున్నాడు. ఆమె నేర్చుకున్నది జార్జియా టర్నర్ రికార్డింగు నుంచి. వాన్ రాంక్ దీని కార్డులు మార్చి, కింది తీగ మీద అర స్వరం చొప్పున దిగే ఒక వరస పెట్టాడు. జాజ్ సంగీతంలో అది మామూలే, జానపద గాయకులకు కొత్త.

కర్ణాటక సంగీతం కొద్దో గొప్పో నేర్చుకున్నవాళ్లకు దీన్ని మన భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఎ మైనర్ కార్డులోని మొదటి స్వరాన్ని షడ్జమం అనుకోండి. కింది తీగ షడ్జమం నుంచి కైశికి నిషాదానికి, అక్కడ నుంచి చతుశ్శ్రుతి ధైవతానికి, తరువాత శుద్ధ ధైవతానికి, చివరికి పంచమానికి దిగుతుంది. రెండు ధైవతాలూ పక్కపక్కనే వస్తాయి. మన రాగాల్లో ఇది అరుదు, ఇక్కడ ఆ జారుడులోనే మొత్తం దిగులు ఉంది. కార్డులుగా చూస్తే డి మేజర్ దగ్గర చతుశ్శ్రుతి ధైవతం ఉండి ఖరహరప్రియ ఛాయ, ఎఫ్ మేజర్ రాగానే శుద్ధ ధైవతంతో నటభైరవి, వరస చివర ఇ మేజర్ దగ్గర కాకలి నిషాదం తగిలి కీరవాణి. మేళకర్త సంఖ్యలు 22, 20, 21. మూడూ ఒకే వేద చక్రంలోవి. కావాలని చేసిందేమీ కాదు, కానీ మన చెవికి ఈ పాట పరాయిదిగా అనిపించకపోవడానికి ఇది ఒక కారణమని నా అనుమానం.

వాన్ రాంక్ కూర్పును బాబ్ డిలన్ 1961 నవంబరులో తన మొదటి ఆల్బం కోసం రికార్డు చేసేశాడు. ముందు అడగలేదు. ఆ తరువాత వచ్చి అనుమతి అడిగితే, త్వరలో నేనే రికార్డు చేయబోతున్నానని వాన్ రాంక్ అన్నాడు. డిలన్ అప్పటికే అయిపోయిందని చెప్పాడు! 1962 మార్చిలో ఆల్బం వచ్చాక, వాన్ రాంక్ ఎక్కడ పాడినా డిలన్ పాట ఎందుకు పాడుతున్నావని జనం అడగసాగారు. విసిగి ఆ పాట పాడటమే మానేశాడు. తరువాత రెండేళ్లకు యానిమల్స్ వచ్చి డిలన్‌కు అదే గతి పట్టించారు. ఈ సంగతి వాన్ రాంక్ నవ్వుతూ చెప్పడం 2005లో వచ్చిన స్కోర్సేసీ డాక్యుమెంటరీ 'నో డైరెక్షన్ హోమ్'లో చూడవచ్చు. అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్లు. డిలన్ ఈ పాటను ఆడపిల్ల మాటగానే పాడాడు, లింగం మార్చలేదు. ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు చివరి చరణాల్లో అరుపు దాకా వెళ్తుంది. శ్రుతి శుద్ధి కోరేవాళ్లకు నచ్చకపోవచ్చు, నాకు మాత్రం గిటారు రూపాల్లో ఇదే ఇష్టం.

ఇక అందరికీ తెలిసినది. ఇంగ్లండులోని న్యూకాసిల్ నుంచి వచ్చిన ఐదుగురు కుర్రాళ్లు, యానిమల్స్. 1964లో చక్ బెర్రీతో కలిసి ఊరూరా కచేరీలు చేస్తూ, అందరిలా రాక్ అండ్ రోల్ వాయిస్తే ఎవరికీ గుర్తుండమని చివరి అంశంగా ఈ పాట ఎత్తుకున్నారు. మే 18న లండన్‌లో ఒకే టేకులో రికార్డు అయిపోయింది. హిల్టన్ వాలెంటైన్ గిటారు మీద కార్డును ఒక్కో తీగగా విడదీసి మీటే ఆ ఆరంభం, అలన్ ప్రైస్ ఆర్గన్, ఎరిక్ బర్డన్ బొంగురు గొంతు. తాళం మన తిస్ర గతిలాగా ఊగుతుంది. రేడియో కోసం మూడు నిమిషాల లోపు పాటలే వేసే కాలంలో ఇది నాలుగున్నర నిమిషాలు. జులైలో బ్రిటన్‌లో, సెప్టెంబరులో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కి, అమెరికాలో మూడు వారాలు అక్కడే ఉంది. రేడియోకు నచ్చాలని ఆడపిల్లను మళ్లీ కుర్రాణ్ని చేశారు, తాగుబోతు ప్రియుడి స్థానంలో జూదరి తండ్రి వచ్చాడు. దాంతో వేశ్యాగృహం కాస్తా జూదశాలలా వినబడసాగింది. అమ్మాయి కథలో ఉన్న పదును ఇందులో తగ్గిందనే చెప్పాలి, ఆ లోటును ఆర్గన్ చాలావరకు పూడ్చింది.

డబ్బు విషయం ఇక్కడే వస్తుంది. జానపద గీతానికి రచయిత ఉండడు కాబట్టి సాహిత్యానికి రాయల్టీ లేదు, కూర్పుకు మాత్రం ఉంటుంది. రికార్డు మీద కూర్పు అలన్ ప్రైస్ ఒక్కడి పేరుతో అచ్చయింది. లేబుల్ మీద ఐదు పేర్లకు చోటు లేదన్నారని బర్డన్ తరువాత చెప్పాడు. రాయల్టీ ప్రైస్‌కే వెళ్లింది, 1965లో ఆయన బృందం వదిలిపోయాడు. గిటారు నేర్చుకునే ప్రతివాడూ వాయించే ఆ ఆరంభాన్ని వాయించిన వాలెంటైన్ 2021లో చనిపోయేదాకా ఈ అసంతృప్తి మిగిలే ఉంది. జార్జియా టర్నర్ 1969లో చనిపోయింది, ఆమె చేతికి అందినది చాలా స్వల్పం. మనకూ ఇది కొత్త కాదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, జానపదాన్ని వెతికి పాడినవారికి దక్కాల్సిన గుర్తింపు ఏమిటనే వాదన తెలుగునాట గట్టిగానే జరిగింది. మా వృత్తిలో ఓపెన్ సోర్స్ కోడు వాడుకుంటే పాత రచయితల పేర్లు చెరపకూడదనే నియమం ఉంది, పాటలకు అలాంటిది లేకపోయింది.

తరువాత వచ్చినవి చాలా ఉన్నాయి, అన్నీ వినదగ్గవి కావు. డెట్రాయిట్ బృందం ఫ్రిజిడ్ పింక్ 1970లో దీన్ని చతురశ్రంలోకి మార్చి, గిటారు గరగరలతో అమెరికాలో ఏడో స్థానం దాకా తీసుకెళ్లారు. ఒకసారి వింటే చాలు. ఫ్రాన్సులో జానీ హాలిడే 1964లోనే ఫ్రెంచిలో పాడితే, ఆ ఇల్లు ఏకంగా జైలైపోయింది. డాలీ పార్టన్ 1981లో పాటను మళ్లీ స్త్రీకి అప్పగించింది, ఏ ఇంటి గురించి చెబుతోందో దాపరికం లేకుండా. వాద్యాల హడావుడి ఎక్కువైనా ఆలోచన సరైనది. నీనా సిమోన్ సంగతి వేరు. 1962లో వచ్చిన విలేజ్ గేట్ కచేరీ ఆల్బంలో చాలా నెమ్మదిగా, పియానో మీద మాట మాటకూ ఆగుతూ పాడింది. 1967లో అదే పాటను ఊపిరి తిప్పుకోనివ్వని వేగంతో పాడింది. ఒకే గాయని, ఐదేళ్ల తేడా, రెండు పూర్తి భిన్నమైన పాటలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి.

వరసగా వినాలనుకుంటే ఆష్లీ, జార్జియా టర్నర్, వాన్ రాంక్, డిలన్, యానిమల్స్, నీనా సిమోన్ అన్న క్రమం బాగుంటుంది. వాన్ రాంక్ తన కూర్పును చివరికి 1964లో వచ్చిన 'జస్ట్ డేవ్ వాన్ రాంక్' ఆల్బంలో రికార్డు చేశాడు. లోమాక్స్ కెంటకీ రికార్డింగులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జార్జియా టర్నర్ పాట రెండు నిమిషాలు కూడా ఉండదు, గరగరలు ఎక్కువ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.